టాప్ సర్జరీ మచ్చలు: ఒంటితత్వంలోనే కీలాయిడ్ ఉంటే ఏం చేయాలి?

మిర్చియార్డ్ | గుంటూరు | నవంబరు 9, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదివి పోవడమే తప్ప రాసింది లేదు. సంక్రాంతి అయ్యాక హైదరాబాద్‌లో టాప్ సర్జరీకి (మాలాంటి ట్రాన్స్ అబ్బాయిలు రొమ్ములు తీయించుకుని ఛాతీ చదును చేయించుకునే ఆపరేషన్) డేట్ ఇచ్చారు. డబుల్ ఇన్సిషన్ (రెండు పక్కలా పొడుగు కోత), నిపుల్ గ్రాఫ్ట్ (నిపుల్ కోసి తీసి మళ్ళీ అతికించడం). నా సైజుకి చిన్న కోతతో చేసే కీహోల్ కుదరదని సర్జన్ మొహమాటం లేకుండా చెప్పేశారు.

ఆపరేషన్ అంటే భయం లేదు. టెన్షనంతా మచ్చ గురించే. ఎడమ జబ్బ మీద బీసీజీ టీకా మచ్చ ఉబ్బి గట్టిగా ఉంటుంది, ఇప్పటికీ దురద. చిన్నప్పుడు చెవులు కుట్టిస్తే వెనకాల గడ్డ కట్టింది. మా నాన్నకీ అంతే. అలాంటి ఒంటి మీద రెండు పక్కలా అంత పొడుగు కోత పడితే ఏమవుతుందో! సర్జన్‌ని అడిగితే "చూద్దాంలే" అన్నారు.

ఇంకోటి. తోడుగా అమ్మ వస్తానంది. ఆమె ఒప్పుకోవడమే గొప్ప. కానీ ఇప్పటి నుంచే పత్యం లిస్టు తయారైపోయింది. పప్పు వద్దు, వంకాయ వద్దు, గుడ్డు వద్దు, కుట్లకి చీము పడుతుంది, నెల రోజులు కారప్పొడీ నెయ్యీ వేసుకుని తినాలట. కాదంటే ఊరుకోదు. ఏం చెప్పను?

---

ఓరుగల్లు_అన్న | వరంగల్ | నవంబరు 9, రాత్రి 10:55

తమ్ముడూ, "చూద్దాంలే" అంటే కుదరదు. బీసీజీ, చెవులు, నాన్న... మూడూ కలిపి ఒక కాగితం మీద రాసి, తర్వాతి విజిట్‌లో సర్జన్ చేతిలో పెట్టు. ఫైల్లో చేరేదాకా కుర్చీలోంచి లేవకు.

ఇప్పుడు అసలు సంగతి. ఉబ్బిన ప్రతి మచ్చా కీలాయిడ్ కాదు. కోత గీత మీదనే ఎర్రగా, లావుగా లేచి, గీత దాటి బయటకు రాకపోతే దాన్ని హైపర్‌ట్రోఫిక్ అంటారు. అది ఏడాది, ఏడాదిన్నరలో చాలావరకు తనంతట తానే అణుగుతుంది. కీలాయిడ్ అలా కాదు. గీత దాటి పక్కనున్న మంచి చర్మం మీదికి పాకుతుంది, దురద, మంట, కాలం గడిస్తే తగ్గేది కాదు. మన రంగు చర్మానికి ఇది ఎక్కువ. పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్య వయసులో మరీ ఎక్కువ. ఛాతీ మధ్య ఎముక మీద, భుజాల మీద, చెవి తమ్మెల మీద ముందు వస్తుంది.

అందుకే సర్జన్‌ని గట్టిగా అడగాల్సింది ఒకటుంది. రెండు పక్కల కోతలు మధ్యలో కలుస్తాయా, లేక మధ్య ఎముక మీద కొంత చర్మం వదిలేస్తారా? కొందరికి శరీరాన్ని బట్టి కలపక తప్పదు. కానీ వదిలే వీలుంటే నీలాంటోళ్ళు అక్కడ చర్మం వదిలేయమనడమే మేలు. నాకు రెండు చివర్లా సన్నగా గీతలాగే ఉన్నాయి, మధ్యలో కలిసిన రెండు అంగుళాలే లేచింది.

రెండో ప్రశ్న: మచ్చ లేవడం మొదలైతే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు? ఆపరేషన్‌కి ముందే తెలిసుంటే ఆర్నెల్ల తర్వాత పరుగులుండవు.

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ | నవంబరు 10, ఉదయం 6:20

డ్యూటీ దిగి రాస్తున్నా. ప్లాస్టిక్ సర్జరీ వార్డులో పనిచేస్తాను, ఈ పత్యం గొడవ నాకు రోజూ ఉండేదే. కాలిన గాయాల పేషెంట్లకి కూడా ఇళ్ళ నుంచి చారన్నం తెస్తారు, ఏడుపొస్తుంది.

చీము పట్టేది బ్యాక్టీరియా వల్ల, పప్పు వల్ల కాదు. కోసిన చర్మం అతుక్కోవాలంటే ప్రొటీన్ కావాలి. గుడ్లు, పప్పు, పెరుగు, చికెన్, చేప, ఏది తినే అలవాటుంటే అది. మామూలు కన్నా కాస్త ఎక్కువే తినాలి. నిమ్మ, జామ, ఉసిరి కూడా మంచివి, విటమిన్ సి లేకపోతే కొత్త చర్మం గట్టిపడదు. నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుంది, ముక్కితే ఛాతీ లాగుతుంది, కాబట్టి నీళ్ళు, ఆకుకూరలు.

అమ్మతో వాదించకండి. డిశ్చార్జ్ రోజు డాక్టర్‌తో కాగితం మీద "రోజూ రెండు గుడ్లు, పప్పు" అని రాయించండి. మందుల చీటీలో ఉంటే మన అమ్మలు దాన్ని మందులాగే పెడతారు.

పత్యం కన్నా ముఖ్యమైనది నికోటిన్. సిగరెట్, వేప్, గుట్కా, ఖైనీ, ఏదైనా సరే ఆపరేషన్‌కి నాలుగు వారాల ముందు, తర్వాత నాలుగు వారాలు బంద్. నిపుల్ గ్రాఫ్ట్ అంటే పూర్తిగా కోసి తీసి, చిన్నది చేసి, వేరే చోట అతికించిన చర్మం. కింద నుంచి రక్తనాళాలు కొత్తగా పుట్టి దాన్ని బతికించాలి. నికోటిన్ ఆ నాళాలనే బిగించేస్తుంది. గుట్కా పొగ కాదు కదా అనుకుంటారు, నికోటిన్ అందులోనూ అదే.

---

పాలమూరోడు | నవంబరు 10, ఉదయం 8:05

మా అమ్మ పత్యం పెట్టినన్ని రోజులూ మా తమ్ముడు టిఫిన్ బాక్సులో ఉడకబెట్టిన గుడ్లు దొంగతనంగా తెచ్చేవాడు. దిండు కింద దాస్తే వాసనకి దొరికిపోయాం. సిస్టర్ చెప్పిన చీటీ ఐడియా అప్పుడు తట్టలేదు.

టీ షాట్ (టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్) సంగతి ఎవరూ అడగలేదేం? నన్ను రెండు వారాలు ఆపమన్నరు.

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ | నవంబరు 10, ఉదయం 8:30

ఆపాల్సిన అవసరం లేదనే సర్జన్లే ఇప్పుడు ఎక్కువ. ఆపమన్నా, వద్దన్నా మీ సర్జన్, ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టర్) కలిసి చెప్పినట్టు చేయండి. ఆస్పిరిన్, ఆయుర్వేదం మందులు, జిమ్ పౌడర్లు ఏవైనా వాడుతుంటే మాత్రం అనస్థీషియా డాక్టర్‌కి దాచకండి.

---

ఒంగోలు_అమ్మ | నవంబరు 10, మధ్యాహ్నం 2:10

నేను ఒక ట్రాన్స్ అబ్బాయి తల్లిని. మా వాడి ఆపరేషన్ అప్పుడు నేను కూడా పత్యం పెట్టినదాన్నే. నాన్నా, మీ అమ్మ ఆ పత్యం ఎందుకు పట్టుకుందంటే ఈ వ్యవహారం మొత్తంలో ఆమెకి తెలిసిన పని అదొక్కటే. గ్రాఫ్ట్, డ్రెయిన్, టెస్టోస్టిరాన్ ఆమెకి అందవు. వేరే పని అప్పజెప్పు. డ్రెయిన్‌లో, అంటే కోత లోపలి రక్తం, నీరు బయటికి లాగే పైపు డబ్బాలో, ఎంత వచ్చిందో కొలిచి పుస్తకంలో రాసే పని నాకిచ్చారు. పాల లెక్క రాసినట్టే రాసుకున్నాను, పొద్దునా సాయంత్రం టైము తప్పకుండా. ఆ తర్వాత గుడ్డు గురించి నోరెత్తలేదు.

ఇంకో సంగతి, ముందుగానే చెప్పు. వార్డులో సిస్టర్లు పాత పేరు పిలిస్తే ఆమె ఎలా పలకాలో ఇద్దరూ అనుకోండి. మా వాణ్ణి ఆధార్ మీద పేరుతో పిలిచినప్పుడల్లా వాడి ముఖం చూడలేకపోయాను. రెండో రోజు నేనే వెళ్ళి కేస్ షీట్ మీద పెన్సిల్‌తో వాడి పేరు రాయించాను.

---

డాలస్_దోస్తు | నవంబరు 11, ఉదయం 7:45

అన్నలూ, ఇక్కడ అమెరికాలో నాకు అయింది. ఇన్సూరెన్స్ వాళ్ళతో పోరాడటం వేరే పురాణం, వదిలేస్తా.

మచ్చ మీద పెట్టుకునేవాటిలో కాస్త నమ్మకంగా పనిచేసేది సిలికాన్ ఒక్కటే, అతికించే షీట్ గానీ జెల్ గానీ. విటమిన్ ఇ నూనె, ఉల్లిపాయ రసం జెల్ మీద డబ్బులు తగలేయొద్దు. విటమిన్ ఇ రాసుకున్నోళ్ళలో కొందరికి దద్దురు వస్తుంది, మచ్చ ఏమీ తగ్గదు.

ఒక పిట్టకథ. మనకన్నా ఎనభై ఏళ్ళ ముందు ఈ ఆపరేషన్ చేయించుకున్నాయన ఒకరు మన దేశంలోనే చనిపోయారు, తెలుసా? మైకేల్ డిల్లన్ అని ఇంగ్లండ్ డాక్టర్. 1940ల మొదట్లో బ్రిస్టల్‌లో ఛాతీ ఆపరేషన్ అయింది. తర్వాత హెరాల్డ్ గిల్లీస్ అనే ప్లాస్టిక్ సర్జన్ దగ్గర మిగతావి. 1958లో పేపర్లవాళ్ళు ఆయన గుట్టు బయట పెడితే ఇండియాకి వచ్చి బౌద్ధ భిక్షువు అయ్యాడు. 1962లో డల్హౌసీలో పోయాడు. అప్పట్లో సిలికాన్ షీట్లూ లేవు, ఈ గ్రూపులూ లేవు.

---

పాలమూరోడు | నవంబరు 11, ఉదయం 9:00

దోస్తూ, మీ దగ్గర షీట్ రేటు ఇక్కడ చెప్పకు, గుండె ఆగుద్ది.

---

నిర్వాహకుడు | నవంబరు 11, సాయంత్రం 5:30

ఒక పోస్టులో డాక్టర్ పేరు, ఫోన్ నంబరు ఉంటే తీసేశాను. ఇక్కడ సర్జన్ల పేర్లు పెట్టకండి, మంచికైనా చెడుకైనా. ఛాతీ ఫొటోలు పెడితే ముఖం, పచ్చబొట్లు, గదిలో క్యాలెండరు కనబడకుండా చూసుకోండి.

ఖర్చు గురించి మెసేజ్‌లలో అడుగుతున్నారు. కొటేషన్ తీసుకునేటప్పుడు అనస్థీషియా, కంప్రెషన్ వెస్ట్ (ఛాతీని బిగించి ఉంచే బనీను), తీసిన కణజాలానికి బయాప్సీ, రివిజన్ (తర్వాత చేసే చిన్న సవరణ), ఇవన్నీ కలిపారో లేదో అడగండి. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టంలో 15వ సెక్షన్ ఈ ఆపరేషన్ల ఖర్చుకి బీమా గురించి మాట్లాడుతుంది. 2022 ఆగస్టులో జాతీయ ఆరోగ్య సంస్థ, సామాజిక న్యాయ శాఖ కలిసి ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్‌కి ఒప్పందం చేసుకున్నాయి, ఏడాదికి 5 లక్షల దాకా. కార్డు ఉన్నంత మాత్రాన మీ ఊరి ఆస్పత్రి ఈ ఆపరేషన్ చేస్తుందని కాదు. కౌంటర్లో ఆరోగ్యమిత్రని ముందే అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

---

మిర్చియార్డ్ | జనవరి 24, మధ్యాహ్నం 12:15

అయిపోయింది! నిన్న ఉదయం ఆపరేషన్, ఇవాళ డిశ్చార్జ్. కూకట్‌పల్లిలో తీసుకున్న గదికి వచ్చేశాం. మధ్యలో చర్మం వదిలారు, కోతలు కలవలేదు. ఓరుగల్లు అన్నా, నీకు బిర్యానీ బాకీ.

వెస్ట్ బిగుతుగా ఉంది, రెండు పక్కలా డ్రెయిన్ డబ్బాలు వేలాడుతున్నాయి. నిపుల్స్ మీద దూది ఉండలు కుట్టేసి ఉన్నాయి, వారం దాకా విప్పరట. అమ్మ డ్రెయిన్ పుస్తకం మొదలెట్టింది, ఎరుపు ఇంకుతో గీతలు కొట్టి మరీ. ఇవాళ వంకాయ కూర కూడా పెట్టింది, చీటీలో లేదు కదా అన్నా వినలేదు!

---

మిర్చియార్డ్ | జనవరి 24, రాత్రి 11:25

ఎవరైనా మేలుకుని ఉన్నారా? ఎడమ పక్క సాయంత్రం నుంచి ఉబ్బుతోంది. కుడి పక్క చదునుగా ఉంది, ఎడమ పక్క గట్టిగా, నీలంగా. నొప్పి మాత్ర వేసుకున్నా ఆగట్లేదు. డ్రెయిన్‌లో మాత్రం ఏమీ రావట్లేదు, పుస్తకంలో సాయంత్రం నుంచి 5 మి.లీ. కూడా లేదు. అంటే మంచిదేనా? పొద్దున్నే ఫోన్ చేయనా?

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ | జనవరి 24, రాత్రి 11:31

పొద్దున దాకా వద్దు. ఇప్పుడే వెళ్ళండి. ఆటో, క్యాబ్, ఏది దొరికితే అది. దారిలో సర్జన్ నంబరుకి ఫోన్ చేయండి, ఎత్తకపోతే ఎమర్జెన్సీకి నేరుగా పోండి.

ఒక పక్కే ఉబ్బడం, గట్టిపడటం, నీలం, నొప్పి పెరగడం అంటే లోపల రక్తం చేరుతోందని అనుమానించాలి. హెమటోమా. ఎక్కువగా మొదటి ఒకటి రెండు రోజుల్లోనే వస్తుంది. డ్రెయిన్‌లో రావట్లేదని ధైర్యం తెచ్చుకోకండి, గడ్డకట్టిన రక్తం పైపుకి అడ్డం పడితే ఏమీ రాదు. వెస్ట్ ఇంకా బిగించకండి. ఏమీ తినకండి, తాగకండి. మళ్ళీ థియేటర్‌కి తీసుకెళ్ళాల్సి రావచ్చు. డ్రెయిన్ పుస్తకం వెంట తీసుకెళ్ళండి.

---

ఓరుగల్లు_అన్న | జనవరి 24, రాత్రి 11:33

క్యాబ్ ఎక్కాక ఒక్క ముక్క పెట్టు తమ్ముడూ.

---

మిర్చియార్డ్ | జనవరి 25, సాయంత్రం 4:50

బాగున్నాను. హెమటోమానే. రాత్రి రెండున్నరకి మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి, గడ్డకట్టిన రక్తం తీసి, కారుతున్న నాళాన్ని కాల్చి మూసేశారు. గ్రాఫ్ట్ బతికే ఉందట.

క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ "అసలు ఏం ఆపరేషన్ ఇది, ఎందుకు చేయించుకున్నావ్" అని మొదలెట్టాడు. అమ్మ డ్రెయిన్ పుస్తకం తెరిచి అతని బల్ల మీద పెట్టి, "సాయంత్రం ఆరు నుంచి చూడండి సార్" అంది. అంతే, ప్రశ్నలాగి సర్జన్‌కి ఫోన్ వెళ్ళింది.

---

ఒంగోలు_అమ్మ | జనవరి 25, సాయంత్రం 6:00

ఆవిడ నంబరు నాకు పంపించు నాన్నా, మాట్లాడాలి.

---

డాలస్_దోస్తు | జనవరి 26, ఉదయం 6:30

దేవుడి దయ. తర్వాత చదివేవాళ్ళ కోసం, ఆలస్యం చేయకూడనివి ఇంకొన్ని: 101 దాటిన జ్వరం, కోత చుట్టూ ఎరుపు రోజురోజుకీ పెరగడం, వాసన వచ్చే చీము, ఊపిరాడకపోవడం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం. చివరి రెండూ రక్తం గడ్డ సంగతి. అందుకే మొదటి రోజు నుంచే లేచి గదిలో నడవాలి.

---

మిర్చియార్డ్ | ఫిబ్రవరి 8, ఉదయం 10:20

డ్రెయిన్లు తీసేశారు. రోజు మొత్తంలో 30 మి.లీ. కన్నా తక్కువ వచ్చేదాకా ఆగారు. ఎర్రగా మొదలై, గులాబీ రంగులోకి మారి, చివరికి గడ్డి రంగు నీరు. తీసేటప్పుడు నొప్పి లేదు కానీ లోపల నుంచి పాము జారినట్టు ఒక వికారం, దాన్ని ఎవరూ ముందు చెప్పరు.

ఇప్పుడు కొత్త టెన్షన్. నిపుల్స్ నల్లగా పెచ్చు కట్టాయి. కుడిది అంచున ఊడుతోంది, కింద లేత గులాబీ రంగు. చచ్చిపోయిందా?

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ | ఫిబ్రవరి 8, మధ్యాహ్నం 1:00

గ్రాఫ్ట్ పైపొర నల్లబడి పెచ్చుగా ఊడటం మామూలే. కింద గులాబీగా, తడిగా ఉంటే బతికున్నట్టే. వాసన, పసుపు రంగు చీము, మెత్తగా కుళ్ళినట్టు ఉంటేనే అనుమానం, అప్పుడు సర్జన్‌కి చూపించండి.

పెచ్చు గిల్లకండి. స్నానంలో నీళ్ళు నేరుగా పడనివ్వకండి. మీ సర్జన్ రాసిన ఆయింట్‌మెంట్ పలచగా, పైన పారఫిన్ పూసిన జాలీ గుడ్డ (గాజ్) పెట్టండి, అంటుకోకుండా ఉంటుంది. ఎండబెట్టాలని గాలికి వదిలేయకండి. తడి ఉంటేనే చర్మం త్వరగా పాకుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు, ఇంట్లో పసుపు ముద్ద, సాంబ్రాణి పొగ ఏవీ వద్దు.

లేత గులాబీ రంగు చూసి కంగారు పడకండి. మన చర్మంలో రంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. కొందరికి అక్కడక్కడా తెల్లమచ్చలా ఉండిపోతుంది. ఏడాది తర్వాత మెడికల్ టాటూతో సరిచేసుకోవచ్చు.

---

పాలమూరోడు | ఫిబ్రవరి 8, రాత్రి 8:40

సంకల్లో వచ్చే కరెంటు షాకులకి కూడా రెడీగా ఉండు. నరాలు మళ్ళీ మొలుస్తున్నయట. నాకు ఏడాదైనా మధ్యలో మొద్దుగానే ఉంది. దురద పెడితే ఎక్కడ గోకాలో తెల్వదు, అసలు చోటు ఇంకెక్కడో ఉంటది.

పని మాట. పై అరలో డబ్బా తీయొద్దు, నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్ జోలికి పోవద్దు. బండి ఆరు వారాలదాకా ముట్టొద్దు, మన రోడ్ల మీద హ్యాండిల్ కొట్టే దెబ్బ నేరుగా ఛాతీకే. గుంటూరు పోయేటప్పుడు రైల్లో కింది బెర్తే తీసుకో, ఆర్టీసీ బస్సు అయితే చక్రం మీది సీటు వద్దు. ముందు గుండీలున్న చొక్కాలు కొనుక్కో. టీ షర్టు తల మీంచి తీయడానికి నేను నానా సర్కస్ చేసిన.

ఊరికే చెప్పట్లేదు. చేతులెత్తి లాగిన కొద్దీ కోత వెడల్పవుతుంది. మచ్చ సన్నగా ఉండాలా లావుగా ఉండాలా అన్నది ఈ రెండు నెలల్లోనే సగం తేలిపోతది.

---

మిర్చియార్డ్ | మార్చి 3, రాత్రి 9:10

గుంటూరు వచ్చేశాను. పెచ్చులన్నీ పోయాయి, కోత మొత్తం మూసుకుంది, ఎక్కడా తడి లేదు. సిలికాన్ ఎప్పుడు, ఎలా? షీటా, జెల్లా?

---

డాలస్_దోస్తు | మార్చి 4, ఉదయం 7:20

పూర్తిగా మూసుకుంటే ఇప్పుడే మొదలెట్టొచ్చు, సర్జన్‌ని ఒక మాట అడిగి. పెచ్చు, పుండు ఉన్నచోట మాత్రం పెట్టకూడదు. మొదటి రోజు రెండు మూడు గంటలు. చర్మం ఒప్పుకుంటే మెల్లగా పెంచుతూ రోజుకి కనీసం పన్నెండు గంటలకి తీసుకురా. తక్కువలో తక్కువ మూడు నెలలు. నీకున్న తత్వానికి ఆర్నెల్లు అనుకో. షీట్ రోజూ ఘాటు లేని సబ్బుతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ అదే వాడు. జిగురు పోయేదాకా వస్తుంది, కాబట్టి చూసినంత ఖర్చు కాదు.

---

ఓరుగల్లు_అన్న | మార్చి 4, ఉదయం 9:30

దోస్తూ, డాలస్‌లో ఏసీ గదిలో షీట్ బాగానే ఉంటుంది. గుంటూరులో ఏప్రిల్ వస్తే షీట్ కింద చెమటకాయలు లేచి, గోకి, పుండై, ఉన్న మచ్చకి కొత్త మచ్చ తోడవుతుంది. మే నెలలో నాకు జరిగింది అదే. మనకి పద్ధతి ఇది: రాత్రి ఫ్యాన్ కిందో కూలర్ ముందో షీట్, పగలు జెల్. జెల్ పలచగా రాసి ఆరనివ్వు, ఆ తర్వాతే బట్ట. లావుగా రాస్తే చొక్కాకే పోతుంది. ఎర్రబడి పొక్కితే రెండు రోజులు ఆపు. చెమటకాయల పౌడరు కోత మీద వద్దు.

జెల్ వేసిన వేళ కాకుండా, మొదటి వారాల్లో మైక్రోపోర్ టేపు కోతకి ఆనించి అతికించడం కూడా మంచిదే. లాగుడు తగ్గిస్తుంది. తనంతట ఊడేదాకా ఉంచు, పీకాల్సి వస్తే తడిపి తీయి.

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ | మార్చి 4, రాత్రి 9:15

మసాజ్ గురించి: ఆరు వారాలు దాటాక, సర్జన్ సరే అంటే. వేలితో కోత మీద నొక్కి, చర్మం కాస్త తెల్లబడేంత ఒత్తిడితో చిన్న చిన్న గుండ్రాలు, రోజుకి రెండుసార్లు. కొబ్బరి నూనె చాలు, జారడానికే అది. నూనె మచ్చని మాయం చేయదు. ఉబ్బి, ఎర్రగా, దురదగా ఉన్నచోట మాత్రం గట్టిగా రుద్దకండి.

ఎండ తగిలితే కొత్త మచ్చ నల్లబడి అలాగే ఉండిపోతుంది. చొక్కా లేకుండా డాబా మీద తిరగాలని మనసు పీకుతుంది, తెలుసు. మొదటి ఏడాది సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా.

---

పాలమూరోడు | మార్చి 4, రాత్రి 9:40

డాబా మీద చీకటి పడ్డాక తిరుగు. వెన్నెలకి ఎస్‌పీఎఫ్ అక్కర్లేదు.

---

మిర్చియార్డ్ | జూన్ 17, రాత్రి 8:30

రిపోర్టు: కుడి పక్క మొత్తం సన్నగా, గోధుమ రంగు గీత. ఎడమ పక్క లోపలి చివర, ఎముకకి దగ్గరగా, అంగుళం మేర లేచింది. హెమటోమా అయిన పక్కే. దురద, రాత్రుళ్ళు మంట. గీత దాటి కొంచెం పక్కకి వచ్చిందనే అనిపిస్తోంది. సంక దగ్గర చర్మం చిన్న మడతలా నిలబడింది, అది కూడా కీలాయిడేనా?

హైదరాబాద్ వెళ్ళే ఓపిక లేదు. ఇక్కడ చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్తే చేస్తారా? వెళ్ళి ఏమని చెప్పాలి?

---

ఓరుగల్లు_అన్న | జూన్ 17, రాత్రి 9:50

సంక దగ్గరది కీలాయిడ్ కాదు, మిగిలిన చర్మం మడత. డాగ్ ఇయర్ అంటారు. కొంత తనంతట సర్దుకుంటుంది. ఏడాదయ్యాక కూడా ఉంటే చిన్న రివిజన్, లోకల్ అనస్థీషియాలో అయిపోతుంది. తొందరపడి ఇప్పుడే కోయించకు. నీ తత్వానికి ప్రతి కోతా ఇంకో జూదం.

మధ్యలో లేచినదానికి మాత్రం ఆలస్యం చేయకు. డెర్మటాలజిస్టు చాలు. ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మచ్చలోకే ఇస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలకి ఒకసారి, అణిగేదాకా. మొదటి ఇంజెక్షన్ నొప్పిగా ఉంటుంది, మచ్చ గట్టిగా ఉన్నప్పుడు మందు దూరదు. రెండో మూడోసారికి మెత్తబడి తేలికవుతుంది. చుట్టూ చర్మం రంగు తగ్గడం, పలచబడటం ఉండొచ్చు, ముందే చెప్పించుకో. కీలాయిడ్‌ని ఊరికే కోసేస్తాం అనేవాళ్ళ దగ్గర ఆగకు. ఇంజెక్షన్ లాంటి తోడు చికిత్స లేకుండా కోస్తే సగం మందికి పైగా మళ్ళీ వస్తుంది, ముందుకన్నా పెద్దదిగా.

ఏమని చెప్పాలంటావా, "ఛాతీ ఆపరేషన్ మచ్చ, కీలాయిడ్ అవుతోంది, మా నాన్నకీ ఈ తత్వం ఉంది" అను. ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళకి అంతకుమించి అక్కర్లేదు. అడిగితే చెప్పాలా వద్దా నీ ఇష్టం.

---

నైట్‌డ్యూటీ_సిస్టర్ | జూన్ 18, ఉదయం 6:40

అడిగినా అడగకపోయినా డిశ్చార్జ్ సమ్మరీ, బయాప్సీ రిపోర్టు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. టాప్ సర్జరీలో కణజాలం నూటికి నూరు పాళ్ళు తీయరు, ఛాతీ ఆకారం కోసం కొంత వదులుతారు. కాబట్టి కొత్త గడ్డ ఏదైనా చేతికి తగిలితే "నాకు అది లేదు కదా" అనుకోకుండా చూపించండి. ఇంట్లో అమ్మకో పిన్నికో రొమ్ము క్యాన్సర్ ఉంటే మరీను.

టెస్టోస్టిరాన్ మొటిమలు ఛాతీ మీదికి వస్తున్నాయా? మీ ఒంట్లో మొటిమ కూడా కీలాయిడ్ కావచ్చు, చర్మం డాక్టర్‌ని అదే విజిట్‌లో అడిగేయండి.

---

మిర్చియార్డ్ | ఆగస్టు 2, సాయంత్రం 7:15

రెండో ఇంజెక్షన్ అయింది. దురద పోయింది, మంట తగ్గింది, ఎత్తు సగానికి పడింది. మొదటిసారి సూదికి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి, అన్న చెప్పింది నిజమే. డాక్టరమ్మ ఒక్క ప్రశ్న మాత్రమే అడిగింది, సిలికాన్ ఎన్ని గంటలు పెడుతున్నావని. బీసీజీ మచ్చకి కూడా ఇవ్వమంటారా అంది, వద్దన్నాను.

ఇంకో సంగతి, రెండో కంప్రెషన్ వెస్ట్ ఉతికి పెట్టాను. ఎం సైజు, ముందు జిప్, హుక్కులు బాగున్నాయి. సెప్టెంబరులో ఆపరేషన్ ఉన్నవాళ్ళెవరైనా మెసేజ్ పెట్టండి. కొరియర్ చార్జీ మీదే.